గోడ మీద ఉచితం, కాగితం మీద లక్షలు: వీధి కళాకారుల స్క్రీన్ ప్రింట్ల లెక్క

క్లుప్తంగా: వీధి కళాకారులు కొన్ని కాపీలు మాత్రమే వేసి, నంబర్లిచ్చి అమ్మే స్క్రీన్ ప్రింట్ల ధరలు ఇరవై ఏళ్లలో విపరీతంగా పెరిగాయి, ఆ తర్వాత బాగానే పడ్డాయి. ఈ ధర బొమ్మ ఒక్కదాని వల్ల వచ్చేది కాదు. ఎన్ని కాపీలు వేశారు, ఎవరు వేయించారు, ఇది అసలుదేనని చెప్పే అధికారం ఎవరిది అన్న మూడు ప్రశ్నలకు దొరికే జవాబుల మీద నిలబడుతుంది. నకిలీలు, మారుబేరాలు (కొని వెంటనే ఎక్కువ ధరకు అమ్మడాలు), వేలంలో హెచ్చుతగ్గులు అన్నీ ఆ మూడింటి చుట్టూనే తిరుగుతాయి.

2013 అక్టోబర్ 13, ఆదివారం. న్యూయార్క్‌లో సెంట్రల్ పార్క్ పక్కన ఫుట్‌పాత్ మీద ఒక పెద్దాయన చిన్న దుకాణం పెట్టుకుని స్టెన్సిల్ బొమ్మలు (కత్తిరించిన అట్ట మీంచి రంగు చల్లి వేసేవి) అమ్మకానికి ఉంచాడు. ఒక్కోటి 60 డాలర్లు. మధ్యాహ్నం మూడున్నర దాకా బోణీ కాలేదు. మొదటి బేరం ఒక మహిళది. పిల్లల కోసమని రెండు చిన్న బొమ్మలు అడిగి, సగం ధరకు బేరమాడి తీసుకెళ్లింది. సాయంత్రం దుకాణం కట్టేసే సమయానికి వచ్చిన మొత్తం 420 డాలర్లు. అవి బ్రిటిష్ వీధి కళాకారుడు బ్యాంక్సీ స్వయంగా చేసిన అసలు బొమ్మలని ఆ తర్వాత ఆయనే వెబ్‌సైట్‌లో ప్రకటించాడు. తొమ్మిది నెలలకు, 2014 జూలైలో, ఆ దుకాణంలో కొన్న రెండు బొమ్మలు లండన్‌లోని బోనమ్స్ వేలంలో కలిపి దాదాపు 1,25,000 పౌండ్లకు అమ్ముడయ్యాయి.

ఫుట్‌పాత్ మీద ఉన్నదీ, వేలంలోకి వచ్చిందీ ఒకే బొమ్మ. రంగు మారలేదు, గీత మారలేదు. అది ఎవరిదో తెలిసింది, అంతే. అవి కాన్వాస్ మీద వేసినవి, ప్రింట్లు కావు. అయినా ప్రింట్ల బజారు ఎలా నడుస్తుందో అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

స్టెన్సిల్‌కు దగ్గరి చుట్టం

స్క్రీన్ ప్రింటింగ్ తెలుగువాళ్లకు కొత్త కాదు. శుభలేఖలు, విజిటింగ్ కార్డులు, గుడ్డ సంచులు, టీషర్టుల మీద బొమ్మలు వేసే షాపు ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. చట్రానికి బిగించిన సన్నని గుడ్డకు ఎమల్షన్ పూస్తారు. బొమ్మ ఉన్న ఫిల్మ్ పెట్టి వెలుతురు చూపిస్తారు. వెలుతురు తగిలిన చోట ఎమల్షన్ గట్టిపడుతుంది, బొమ్మ నీడ పడిన చోట కడిగితే పోతుంది. ఆ ఖాళీల్లోంచి స్క్వీజీ అనే రబ్బరు పలకతో ఇంకును కిందకు లాగితే కాగితం మీద అచ్చు పడుతుంది. రంగుకో స్క్రీన్ కావాలి. నాలుగు రంగులుంటే అదే కాగితం నాలుగు సార్లు స్క్రీన్ కిందకు వెళ్లాలి, ప్రతిసారీ సరిగ్గా అదే చోట కూర్చోవాలి. ఒక్క మిల్లీమీటరు జరిగినా కంటికి తెలిసిపోతుంది.

పద్ధతి పాతదే. స్టెన్సిల్ ద్వారా రంగు వేయడం చైనా, జపాన్‌లలో శతాబ్దాలుగా ఉంది. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్‌కు చెందిన శామ్యూల్ సైమన్ 1907లో పట్టుగుడ్డ స్క్రీన్ మీద పేటెంట్ తీసుకున్నాడు. చాలాకాలం అది షాపుల బోర్డులు, ప్రకటనల పనిగానే ఉండిపోయింది. 1960లలో అమెరికన్ కళాకారుడు ఆండీ వార్హాల్ దాన్ని గ్యాలరీ గోడల మీదకు తెచ్చాడు.

వీధి కళాకారులు ఈ పద్ధతినే ఎంచుకోవడానికి కారణం ఫ్యాషన్ కాదు. రాత్రిపూట పోలీసులు వచ్చేలోపు గోడ మీద బొమ్మ వేయాలంటే స్టెన్సిల్ కావాలి. ముందే కత్తిరించిన అట్టను గోడకు ఆనించి స్ప్రే కొడితే రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. స్క్రీన్ అంటే చట్రానికి బిగించిన స్టెన్సిలే. గట్టి అంచులు, నిండు రంగు, రెండు మూడు పొరలు. గోడ మీద పనిచేసిన బొమ్మ కాగితం మీదకు పెద్దగా నష్టపోకుండా దిగుతుంది. ఆయిల్ పెయింటింగ్‌ను స్క్రీన్ మీదకు తేవడం నకలు తీయడమే అవుతుంది. స్టెన్సిల్ బొమ్మ విషయంలో అలా అనలేం, అది మొదటినుంచీ మళ్లీ మళ్లీ వేయడానికే పుట్టింది.

రెండో కారణం ఇంకా సూటిగా ఉంటుంది. గోడ మీది బొమ్మను కళాకారుడు అమ్ముకోలేడు. గోడ మరొకరిది. దాన్ని ఇటుకలతో సహా పెకలించి వేలానికి తెచ్చినవాళ్లు లేకపోలేదు. 2012లో ఉత్తర లండన్‌లో ఒక షాపు గోడ మీద బ్యాంక్సీ వేసిన, కుట్టుమిషన్ ముందు మోకరిల్లిన పిల్లవాడి బొమ్మ మరుసటి ఏడాది మాయమై అమ్మకానికి తేలింది. స్థానికులు గొడవ చేశారు, అయినా చివరికి అమ్ముడైంది. ఇలాంటి అమ్మకాల్లో కళాకారుడికి ఏమీ రాదు. అమ్ముకోవడానికి ఆయన చేతిలో ఉన్నది కాగితం ఒక్కటే.

150లో 47వది అంటే

ప్రింట్ కింద అంచున పెన్సిల్‌తో 47/150 అని ఉంటుంది. మొత్తం 150 వేశారు, ఇది 47వది అని అర్థం. ఈ అలవాటు వీధి కళాకారులు కనిపెట్టింది కాదు, అచ్చు కళలో ముందునుంచీ ఉన్నదే. కానీ అక్కడ దానికి ఒక భౌతికమైన కారణం ఉండేది. రాగి రేకు మీద సూదితో గీసి అచ్చు తీస్తే, ప్రతి అచ్చుకూ రేకు కొంచెం అరుగుతుంది. కొన్ని పదుల కాపీల తర్వాత గీత పలచబడుతుంది. చిత్తూరు జిల్లాలో పుట్టి పారిస్‌లో, న్యూయార్క్‌లో పనిచేసిన కృష్ణారెడ్డి ఒకే రేకు మీద రకరకాల చిక్కదనం ఉన్న ఇంకులు పూసి బహువర్ణ అచ్చులు తీసే పద్ధతికి పేరుపొందారు. అక్కడ ప్రతి అచ్చుకూ రేకును కొత్తగా సిద్ధం చేసుకోవాలి. కాబట్టి సంఖ్య దానంతటదే తక్కువగా ఉంటుంది. చేతి శ్రమే హద్దు గీస్తుంది.

స్క్రీన్ ప్రింట్‌కు అలాంటి హద్దు లేదు. స్క్రీన్ పాడైతే అదే ఫిల్మ్‌తో ఇంకొకటి చేసుకోవచ్చు. వెయ్యి వేసినా వెయ్యోది మొదటిదానిలాగే ఉంటుంది. మరి 150 దగ్గర ఆగిందెందుకు? ఆగుతామని వేసినవాళ్లు మాట ఇచ్చారు కాబట్టి. ఈ బజారులో కొరత అంటే వస్తువుకు ఉన్న గుణం కాదు, ఒక హామీ. ఆ హామీ మీద నమ్మకం ఉన్నంతవరకే అంకెకు విలువ. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 1970లోనే దీనిమీద చట్టం చేసింది. ప్రింట్ అమ్మేవాళ్లు ఎన్ని కాపీలు వేశారో, ఏ పద్ధతిలో వేశారో కొనేవాళ్లకు రాతపూర్వకంగా చెప్పాలన్నది దాని సారం.

హామీలోనూ సందులుంటాయి. నంబర్ వేసిన కాపీలు కాక ఆర్టిస్ట్ ప్రూఫ్ అని కళాకారుడు తన కోసం వేయించుకునేవి కొన్ని ఉంటాయి, ప్రింటర్ తన దగ్గర ఉంచుకునేవి కొన్ని ఉంటాయి. సంప్రదాయంగా ఆర్టిస్ట్ ప్రూఫ్‌లు మొత్తంలో పదో వంతు దాటవు. బ్యాంక్సీ ‘బెలూన్ అమ్మాయి’ (ఎగిరిపోతున్న ఎర్ర బెలూన్ వైపు చెయ్యి చాచిన పాప) ప్రింట్‌నే చూడండి. 2004లో వచ్చిన ఆ ఎడిషన్‌లో, అంటే ఆ బొమ్మకు వేసిన మొత్తం కాపీల్లో, సంతకం ఉన్నవి 150, సంతకం లేనివి 600. ఇవి కాక బెలూన్‌కు ఎరుపు బదులు వేరే రంగులు వేసిన ఆర్టిస్ట్ ప్రూఫ్‌లు మరో 88. పదో వంతు అనే మర్యాద ఇక్కడ చెల్లలేదు. బజారు దీన్ని తప్పుపట్టలేదు సరికదా, ఆ రంగుల ప్రూఫ్‌లనే అన్నిటికంటే ఎక్కువ ధరకు కొంది. బంగారు రంగు బెలూన్ ఉన్న ఒక ప్రూఫ్ 2021లో వేలంలో పది లక్షల పౌండ్లు దాటింది.

సంతకం సంగతి మరీ విచిత్రం. సంతకం ఉన్నదీ లేనిదీ ఒకే బొమ్మ, ఒకే వరుసలో వచ్చిన ఎడిషన్. పెన్సిల్ గీత ఒక్కటే తేడా. ఆ గీతకు ధర రెండింతలకు పైగా పలుకుతుంది. పైగా ఆ సంతకం తానెవరో బహిరంగంగా ప్రకటించుకోని మనిషిది.

లైన్, లాటరీ, గడియారం

మొదట్లో అమ్మకాలు మామూలు దుకాణం వ్యవహారంలాగే ఉండేవి. 2000ల మొదట్లో లండన్‌లో పుట్టిన పిక్చర్స్ ఆన్ వాల్స్ అనే సంస్థ బ్యాంక్సీతోపాటు ఇతర వీధి కళాకారుల ప్రింట్లు వేసి అమ్మేది. గ్యాలరీల్లోకి అడుగుపెట్టలేనివాళ్లు కూడా కొనగలగాలన్నది ఉద్దేశం. బెలూన్ అమ్మాయి సంతకంతో ఉన్నది కూడా అప్పుడు 200 పౌండ్ల లోపే. క్రిస్మస్ ముందు తాత్కాలిక దుకాణాలు పెట్టేవారు. 2017 చివరికి ఆ సంస్థ మూతపడింది. చవకగా అమ్మిన సరుకు మరుసటి రోజే పదింతలకు చేతులు మారుతుంటే, చవకగా అమ్మాలన్న ఆశయానికి అర్థం మిగలదు.

ఇక్కడ జరిగేది తెలుగు సినిమా ప్రేక్షకులకు బాగా తెలిసిన లెక్కే. కౌంటర్లో టికెట్ ధర తక్కువ, గిరాకీ ఎక్కువ, సీట్లు కొన్నే. మిగిలిన తేడా అంతా బ్లాక్‌లో అమ్మేవాడి జేబులోకి పోతుంది. విడుదల ధరను కళాకారుడు కావాలని తక్కువ పెడితే, ఆ తగ్గింపు అభిమానికి చేరకుండా మధ్యలో మారుబేరగాడికి చేరుతుంది. ధర పెంచితే మారుబేరం తగ్గుతుంది, కానీ అభిమాని కూడా తప్పుకుంటాడు. ఈ ముడిని విప్పడానికి వేరువేరు దారులు వెతికారు.

అమెరికన్ కళాకారుడు షెపర్డ్ ఫెయిరీ దారి సంఖ్య పెంచడం. 1989లో విద్యార్థిగా ఉన్నప్పుడు మల్లయోధుడు ఆండ్రే ది జెయింట్ ముఖంతో స్టిక్కర్లు వేయడంతో మొదలైన ఆయన పని, తర్వాత ఓబే పేరుతో పెద్ద సంస్థ అయింది. సొంత వెబ్‌సైట్‌లో తరచూ కొత్త ప్రింట్ వస్తుంది. 18 అంగుళాలు, 24 అంగుళాల కాగితం, వందల్లో కాపీలు, వంద డాలర్లకు అటూ ఇటూ ధర. కొత్తవి వస్తూనే ఉంటాయి కాబట్టి పాతవాటి ధర మెల్లగా పెరుగుతుంది, కొన్నిటికి పెరగదు కూడా. లాభం కోసం కొనేవాడికి ఇది నిరుత్సాహమే. గోడకు తగిలించుకుందామనుకునేవాడికి మాత్రం వీధి కళలో ఇంతకన్నా తేలికైన ప్రవేశద్వారం లేదు.

లాటరీ ఇంకో దారి. 2019 అక్టోబర్‌లో బ్యాంక్సీ దక్షిణ లండన్‌లోని క్రోయిడన్‌లో ఒక షాపు అద్దాల వెనక వస్తువులు పేర్చాడు కానీ తలుపు తెరవలేదు. అమ్మకం అంతా ఆన్‌లైన్‌లో. కొనాలంటే ముందు ‘కళ ఎందుకు ముఖ్యం?’ అన్న ప్రశ్నకు జవాబు రాయాలి, రాసినవాళ్లలోంచి కొందరికే అవకాశం. ధనవంతులైన సేకర్తలు దయచేసి దూరంగా ఉండమని మనవి కూడా చేశారు. మనవికి ఎంతమంది కట్టుబడ్డారన్నది వేరే సంగతి. మొత్తంమీద, కంప్యూటర్ ప్రోగ్రాములతో వందల ఆర్డర్లు పెట్టేవాళ్లను ఆపడానికి లాటరీ పనికొస్తుంది, గెలిచినవాడు మరుసటి వారం అమ్ముకోవడాన్ని అది ఆపలేదు.

మూడోది గడియారం పెట్టి అమ్మడం. ఇన్ని కాపీలని ముందే చెప్పరు. ఇన్ని రోజులు తలుపు తెరిచి ఉంటుంది, అడిగిన అందరికీ ఇస్తాం అంటారు. వీధి కళాకారుడు కాకపోయినా బ్రిటిష్ చిత్రకారుడు డేమియన్ హర్స్ట్ 2021లో దీన్ని భారీగా చేసి చూపించాడు. చెర్రీ పూల బొమ్మలు ఎనిమిది రకాలు, ఒక్కోటి 3,000 డాలర్లు. ఆరు రోజుల్లో 7,481 అమ్ముడయ్యాయి, వచ్చింది రెండు కోట్ల డాలర్లకు పైనే. ఇక్కడ మారుబేరగాడికి చోటు దాదాపు లేదు, ఎందుకంటే కావాలన్న ప్రతి ఒక్కరికీ దొరికింది. అదే కారణంతో ధర పెరిగే ఆశ కూడా సన్నగిల్లింది. పరిమిత ఎడిషన్ అన్న మాటను ఇంత సాగదీయవచ్చా అన్న సందేహం సేకర్తల్లో ఇప్పటికీ ఉంది.

ఊరికే పంచినా కథ మారదు. పుల్లల మనుషుల బొమ్మలతో పేరొందిన స్టిక్, 2020లో తూర్పు లండన్‌లోని హాక్నీ వాసులకు ఇంటింటికీ ఉచితంగా పోస్టర్లు పంచాలనుకున్నాడు. కొన్ని దారిలోనే దొంగతనానికి గురై ఆన్‌లైన్‌లో అమ్మకానికి తేలాయి.

అసలుదని చెప్పే అధికారం

బ్యాంక్సీ పనుల నిజానిజాలు తేల్చేది పెస్ట్ కంట్రోల్ అనే సంస్థ. 2008లో ఏర్పడింది, కళాకారుడి తరఫున పనిచేస్తుంది. ప్రింట్ వివరాలు పంపితే పరిశీలించి సర్టిఫికెట్ ఇస్తుంది. ఆ సర్టిఫికెట్‌కు సగం చింపిన ఒక పది పౌండ్ల నోటు పిన్ను కొట్టి ఉంటుంది. అది నిజం నోటు కాదు, రాణి బదులు డయానా ముఖంతో 2004లో బ్యాంక్సీయే అచ్చు వేయించినది. రెండో సగం సంస్థ దగ్గర ఉంటుంది, రెండూ కలిస్తేనే సర్టిఫికెట్ అసలుది. దొంగనోటుతో అసలు బొమ్మను నిరూపించడం ఒక హాస్యమే అనుకున్నా, చింపిన అంచు ఏ రెండు నోట్లకూ ఒకేలా ఉండదు కాబట్టి పద్ధతి మాత్రం గట్టిదే. ఆ నోటు ఒకటి 2019లో బ్రిటిష్ మ్యూజియం సేకరణలోకి కూడా చేరింది.

గోడ మీది బొమ్మలకు ఈ సంస్థ సర్టిఫికెట్ ఇవ్వదు. వీధిలో వేసినవి వీధిలోనే ఉండాలన్నది కారణం. ఈ ఒక్క నిర్ణయం ప్రింట్ల ధరను పైకి నెట్టింది. పెకలించిన గోడకు సర్టిఫికెట్ లేదు, పెద్ద వేలం సంస్థలు దాన్ని తీసుకోవడానికి జంకుతాయి. సర్టిఫికెట్ ఉన్న ప్రింట్ మాత్రం ఏ దేశంలోనైనా అమ్ముడవుతుంది.

కళాకారుడు బతికుండి తానే తీర్పు చెప్పడం వల్ల ఇది సాధ్యమైంది. లేకపోతే ఏమవుతుందో ముందు తరం చూపించింది. న్యూయార్క్ సబ్‌వే గోడల మీద సుద్దతో గీసి పేరు తెచ్చుకున్న కీత్ హారింగ్ 1990లో చనిపోయాడు. ఆయన ఫౌండేషన్ 2012లో నిజానిజాలు తేల్చే కమిటీనే రద్దు చేసింది. న్యూయార్క్ వీధి గోడల మీదే మొదలైన మరో కళాకారుడు బాస్కియా కుటుంబం నడిపిన కమిటీ కూడా అదే ఏడాది ఆగిపోయింది, వార్హాల్ ఫౌండేషన్ బోర్డూ ఆ రోజుల్లోనే మూతపడింది. కాదన్న ప్రతిసారీ యజమానులు కోర్టుకు వెళ్లడం, ఆ ఖర్చు భరించలేకపోవడం దీని వెనకున్న ప్రధాన కారణం. ఆ తర్వాత హారింగ్ ప్రింట్ కొనేవాళ్లు పాత రసీదులు, గ్యాలరీ రికార్డులు, ప్రింటర్ ముద్ర మీద ఆధారపడాల్సి వస్తోంది.

నకిలీల సంగతికొస్తే, స్క్రీన్ ప్రింట్‌కు నకిలీ చేయడం పెయింటింగ్ కంటే తేలిక. పరికరాలు అవే, ఇంకు అదే, కాగితం దొరుకుతుంది. చేతివాటం కనిపెట్టడానికి కుంచె గీతలు కూడా ఉండవు. 2024 నవంబర్‌లో ఇటలీలోని పీసా ప్రాసిక్యూటర్లు బయటపెట్టిన వ్యవహారంలో బ్యాంక్సీ, వార్హాల్, పికాసో వంటివారి పేర్లతో 2,100కు పైగా నకిలీలు దొరికాయి, 38 మంది మీద విచారణ సాగింది. ఆ నకిలీలకు ప్రదర్శనలు, సర్టిఫికెట్లు కూడా సిద్ధం చేశారన్నది ఆరోపణ. అంటే నకిలీగాళ్లు కూడా బొమ్మతో ఆగకుండా కాగితాల మీద శ్రమ పెట్టారన్నమాట.

తేలిక నకిలీలను కంటితో పట్టవచ్చు. భూతద్దం కింద డిజిటల్ ప్రింట్ సన్నని రంగు చుక్కల గుంపుగా కనిపిస్తుంది, స్క్రీన్ ప్రింట్‌లో రంగు ఒకే పొరగా కాగితం మీద కూర్చుంటుంది, వెలుతురుకు వంచి చూస్తే ఆ పొర మందం తెలుస్తుంది. ఈ వ్యత్యాసం మచిలీపట్నం, పెడన కలంకారీ కొనేవాళ్లకు మరో రూపంలో తెలుసు. అక్కడ స్క్రీన్ ప్రింటే నకిలీ, చెక్క అచ్చుతో చేత్తో అద్దింది అసలు. ఇక్కడ స్క్రీన్ ప్రింట్ అసలు, ఇంక్‌జెట్‌ది నకిలీ. పద్ధతికి సొంతంగా గౌరవం ఏమీ లేదు, దేని పక్కన పెట్టి చూస్తున్నామన్నదే లెక్క. అయితే అసలు పద్ధతిలోనే చేసిన మంచి నకిలీని భూతద్దం పట్టదు. అప్పుడు మళ్లీ కాగితాల దగ్గరికే రావాలి.

ఎక్కిన ధర, దిగిన ధర

2018 అక్టోబర్ 5న లండన్‌లో సోదబీస్ అనే వేలం సంస్థలో బెలూన్ అమ్మాయి కాన్వాస్ 10 లక్షల పౌండ్లకు పైన అమ్ముడైన మరుక్షణం, ఫ్రేమ్‌లో దాచిన యంత్రం దాన్ని సగం దాకా ముక్కలు చేసింది. మూడేళ్ల తర్వాత 2021 అక్టోబర్‌లో అదే సగం చిరిగిన బొమ్మ 1.85 కోట్ల పౌండ్లు దాటింది. ఈ రెండు తేదీల మధ్యే ప్రింట్ల ధరలూ ఎగిశాయి. కోటి పెట్టి కాన్వాస్ కొనలేనివాళ్లు అదే బొమ్మ ఉన్న కాగితం వైపు తిరిగారు. కోవిడ్ రోజుల్లో వేలాలన్నీ ఆన్‌లైన్‌కు మారడం, వడ్డీ రేట్లు నేల మీద ఉండటం, క్రిప్టో డబ్బు కొత్త చోట్లు వెతకడం దానికి తోడయ్యాయి.

ఆ మూడ్ ఎంత దూరం వెళ్లిందో చెప్పడానికి 2021 మార్చి సంఘటన చాలు. ఒక క్రిప్టో కంపెనీ ‘మోరాన్స్’ అనే బ్యాంక్సీ ప్రింట్‌ను 95,000 డాలర్లకు కొని, వీడియో తీస్తూ తగలబెట్టి, దాని డిజిటల్ టోకెన్‌ను దాదాపు 3,80,000 డాలర్లకు అమ్మింది. వేలం పాడేవాళ్లను వెర్రివాళ్లని వెక్కిరించే ప్రింట్ అది.

2022 తర్వాత వడ్డీలు పెరిగాయి, క్రిప్టో కూలింది, ప్రింట్లు దిగాయి. ప్రింట్ల ధర పెయింటింగ్ ధర కంటే త్వరగా పడటానికి ఒక కారణం ఉంది. పెయింటింగ్ ఒక్కటే ఉంటుంది, యజమాని ఆగగలిగితే ధర బయటపడదు. ప్రింట్‌కు అచ్చంగా అలాంటివే మరో 149, లేదా 599, ఎక్కడెక్కడో గోడల మీద ఉన్నాయి. వాటిలో డబ్బు అవసరం పడ్డ ఒక్కరు తక్కువకు అమ్మినా, ఆ ధర మిగతా అందరిదీ అయిపోతుంది. అపార్ట్‌మెంట్‌లో ఒక ఫ్లాట్ తక్కువకు పోతే పక్క ఫ్లాట్ల రేటు మారినట్టే.

వేలం రుసుముల లెక్క చాలామందికి కొన్న తర్వాతే అర్థమవుతుంది. సుత్తి దెబ్బ, అంటే చివరి పాట, 100 దగ్గర పడిందనుకుందాం. కొనేవాడు దాని మీద దాదాపు నాలుగో వంతు రుసుము కలిపి 126 కడతాడు. తర్వాత అమ్మేటప్పుడు సంస్థ పది శాతం తీసుకుంటే, పెట్టిన 126 వెనక్కి రావాలంటే సుత్తి 140 దగ్గర పడాలి. ధర నలభై శాతం పెరిగితేనే నష్టం లేకుండా బయటపడటం. రవాణా, బీమా, ఫ్రేమ్ ఖర్చు ఇందులో లేవు. బ్రిటన్‌లో అయితే 2006 నుంచి తిరుగు అమ్మకాల్లో కళాకారుడికి వాటా ఉంది, మొదటి అంచెలో 4 శాతం.

బొమ్మ హక్కు ఎవరిది

ప్రింట్ కొన్నవాడికి కాగితం సొంతమవుతుంది, బొమ్మ కాదు. దాన్ని టీషర్ట్ మీద వేసి అమ్మే హక్కు రాదు. వీధి కళలో ఈ విషయం రెండు వైపులా పదునున్న కత్తి. ఫెయిరీ 2008లో వేసిన ఒబామా పోస్టర్ అమెరికా వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ ఫొటో ఆధారంగా చేసింది. ఆ వివాదం 2011లో రాజీతో ముగిసింది. కానీ కేసు నడుస్తుండగా ఆధారాలు చెరిపి, లేనివి సృష్టించినందుకు 2012లో ఆయన మీద కోర్టు ధిక్కార నేరం (క్రిమినల్ కంటెంప్ట్) రుజువై ప్రొబేషన్, జరిమానా పడ్డాయి. బ్యాంక్సీది మరో ఇబ్బంది. కాపీరైట్ దావా వేయాలంటే తానెవరో చెప్పాలి. అందుకని పూలగుత్తి విసిరే మనిషి బొమ్మను ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేశారు. నిజంగా వ్యాపారానికి వాడే ఉద్దేశం లేదంటూ యూరోపియన్ యూనియన్ మేధోసంపత్తి కార్యాలయం 2020 సెప్టెంబర్‌లో దాన్ని రద్దు చేసింది. క్రోయిడన్ షాపు పెట్టిందే ఈ తగాదా కోసమని బ్యాంక్సీ వైపు నుంచే చెప్పుకోవడం అక్కడ ఎదురు తిరిగింది.

ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకు దొరికే బ్యాంక్సీ కాన్వాస్‌లకు, పోస్టర్లకు ఈ ఎడిషన్లతో సంబంధం లేదు. గోడ అలంకరణకు అవి సరిపోతాయి. తిరిగి అమ్మితే వచ్చేది ఫ్రేమ్ ధరే.

ఇక్కడికి తెప్పించుకుంటే

హైదరాబాద్‌లో 2016లో ఎమ్మెస్ మక్తా గోడలు స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ చొరవతో బొమ్మలతో నిండాయి. గోడల వైపు ఆసక్తి అలా పెరిగినా, ప్రింట్ల విషయంలో కొనుగోళ్లు ఎక్కువగా విదేశీ వెబ్‌సైట్లు, వేలాల ద్వారానే సాగుతాయి. అక్కడే కస్టమ్స్ చిక్కు మొదలవుతుంది. ప్రపంచమంతా పాటించే కస్టమ్స్ వర్గీకరణలో ‘ఒరిజినల్ ప్రింట్’ అంటే కళాకారుడు పూర్తిగా చేత్తో చేసిన పలక నుంచి నేరుగా తీసిన అచ్చు. యాంత్రిక, ఫొటో యాంత్రిక పద్ధతులు అందులోకి రావు. ఫిల్మ్, ఎమల్షన్‌తో చేసిన స్క్రీన్ ప్రింట్ కళాఖండమా, అచ్చు సామానా అన్న ప్రశ్న అధికారి ముందు తలెత్తవచ్చు. ప్రింటర్ ఎవరు, ఏ పద్ధతి, ఎన్ని కాపీలు అన్నవి ఇన్‌వాయిస్ మీదే రాయించుకోవడం అందుకే అవసరం.

తిరిగి అమ్మినప్పుడు కళాకారుడి వాటా విషయంలోనూ తేడా ఉంది. యూరప్ నిబంధనల్లో పరిమిత సంఖ్యలో వేసిన ప్రింట్ల ప్రస్తావన నేరుగా ఉంది. మన కాపీరైట్ చట్టంలో 53ఏ సెక్షన్ పదివేల రూపాయలు దాటిన తిరుగు అమ్మకాల్లో వాటా కల్పిస్తుంది, పది శాతం మించకుండా. కానీ అందులో పేర్కొన్నవి పెయింటింగ్, శిల్పం, డ్రాయింగ్, రాతప్రతులు. ప్రింట్ అన్న మాట లేదు.

ఇక ఇంట్లో దాచుకోవడం. లండన్ వాతావరణానికి తయారైన కాగితం విశాఖ ఉప్పుగాలిలో, రాయలసీమ ఎండలో వేరుగా ప్రవర్తిస్తుంది. తేమకు అలలు తేలుతుంది, గోధుమరంగు మచ్చలు పడతాయి. కిటికీకి ఎదురుగా తగిలిస్తే ఎరుపు, గులాబీ రంగులు ముందు వెలుస్తాయి. యాసిడ్ లేని అట్ట, అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దం వాడితే ఇది చాలావరకు తగ్గుతుంది. వెనక అట్టకు జిగురుతో మొత్తం అంటించేస్తే మాత్రం ప్రింట్ పని అయిపోయినట్టే, ఏ వేలం సంస్థా దాన్ని మంచి స్థితిలో ఉందని రాయదు.

ఫ్రేమ్ షాపులో ఇంకో ప్రమాదం ఉంది. పెళ్లి ఫొటోలకు, దేవుడి పటాలకు అలవాటైన చెయ్యి, చట్రానికి సరిపోవడం లేదని చుట్టూ ఉన్న తెల్ల అంచును రెండు అంగుళాలు కత్తిరించేస్తుంది. బొమ్మకు ఏమీ కాదు, చక్కగా మధ్యలో కూర్చుంటుంది. కానీ పెన్సిల్‌తో రాసిన సంతకం, 47/150 అన్న అంకె, ప్రింటర్ ఒత్తిన ముద్ర ఉండేది ఆ అంచు మీదే.